‘కాదు మేడం’ అనే మాట కోసం

(కౌన్సెలింగ్ చదువుతున్న విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయుల కోసం నల్లగొండలో జరిగిన ఒకరోజు శిక్షణలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మర్రిగూడ నుంచి, దేవరకొండ నుంచి, కొందరు అచ్చంపేట దిక్కు నుంచి కూడా పొద్దున్నే బస్సు పట్టుకొని వచ్చారు. ముందు వరుసలో ఆశా అక్కలు కూర్చున్నందుకు నాకు సంతోషంగా ఉంది. మన దగ్గర మనసు బాగాలేని మనిషి పక్కన మొదట కూర్చునేది మీరే. నా దాకా వచ్చేసరికి ఆ మనిషి పది మందికి చెప్పుకొని, పది సలహాలు మోసుకొని వస్తాడు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. వాళ్లలో చాలామందికి దొరికేది మీలాంటి వాళ్లతో ఒక అరగంట మాట. అందుకే ఇవాళ ఆ అరగంట గురించి, అందులో ఎదుటి మనిషిని సరిగ్గా అర్థం చేసుకోవడం గురించి మాట్లాడతాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేను చెప్పబోయే మనుషుల ఊరు, వయసు, పని అన్నీ మార్చాను. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి ఒకరిగా చెబుతున్నాను. నా గదిలో చెప్పుకున్న మాటను ఉన్నదున్నట్టు బయట పెట్టే హక్కు నాకు లేదు.

కొన్నేళ్ల కింద నా దగ్గరికి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. మునుగోడు దిక్కు ఒక ఫ్లోరైడ్ ఊరు. నడుము ముందుకు వంగిపోయి ఉంది, మెడ పక్కకు తిరగదు. కుర్చీలో వెనక్కి ఆనుకోలేక ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నేను లేచి ఒక మెత్త తెచ్చి ఆమె నడుము వెనక పెట్టాను. ఏం బాధ అని అడిగితే ‘నిద్ర పడ్తలేదు మేడం’ అంది.

నేను ఈ జిల్లాలో పుట్టిన మనిషిని. రాళ్లలో ఉన్న ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి ఎట్లా కరుగుతుందో, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు పచ్చబడి, తర్వాత ఎముకలు ఎట్లా గట్టిపడి వంగిపోతాయో నాకు తెలుసు. నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి, అయినా ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారు కాదని కూడా తెలుసు. అన్నీ తెలుసు కాబట్టి, ఆమె ఎందుకు నిద్రపోవడం లేదో కూడా నాకు తెలుసనుకున్నాను.

‘చిన్నప్పటి నుంచి ఈ నొప్పితో ఎంత గోస పడ్డారో కదా’ అన్నాను. ‘ఔ మేడం’ అంది. ‘తోటి పిల్లలందరికీ పెళ్లిళ్లు అవుతుంటే మీకు ఎట్లా అనిపించి ఉంటుందో’ అన్నాను. ‘ఔ మేడం’. గొంతు మెత్తగా పెట్టుకొని, ఆమె కళ్లలోకి చూస్తూ, పుస్తకాల్లో చెప్పినట్టే చేశాను. మూడు వారాలు ఆమె వచ్చింది. మూడు వారాలూ ‘ఔ మేడం’ అంది. మూడోసారి పోయేటప్పుడు తలుపు దగ్గర ఆగింది. సంచి చేతికి తగిలించుకుంటూ, నా వైపు చూడకుండా ఇట్లా అంది:

‘ఒక్క మాట మేడం. మా ఊరికొచ్చినోళ్లందరు నా నడుమే చూసిండ్రు. మీరు గూడ గదే చూస్తుండ్రు.’

నేను మళ్లీ కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు, నిలబడే చెప్పింది. ఆమెకు ఒక తమ్ముడు. తల్లిదండ్రులు పోయాక ఆమే బట్టలు కుట్టి వాణ్ని చదివించింది, పెళ్లి చేసింది. మొన్న దసరాకు ఇంటికి సున్నం వేసేటప్పుడు తమ్ముడు ముందర అర్రలో ఉన్న కుట్టు మిషన్‌ను తీసుకుపోయి కొట్టంలో పెట్టాడు. సున్నం ఎండింది, మిషన్ మాత్రం వెనక్కి రాలేదు. ‘నన్నొక్క మాట అడగలే మేడం. వాని బడి లాగు చినిగితె రాత్రి బుడ్డి ముందట కూసోని కుట్టిన మిషన్ అది. ఇప్పుడు గొడ్ల పక్కన ఉన్నది.’ ఆమెకు నిద్ర పట్టనిది అందుకే.

మూడు వారాలు నేను ఆమె నడుము మీద చూపించిన ప్రేమ నిజమే. కానీ అది ఆమెకు ఏ పనికీ రాలేదు. ఆ ఊళ్లకు ఎంతమంది పోలేదు! పేపర్ల వాళ్లు పోయారు, నాయకులు పోయారు, కెమెరాలు పోయాయి. వంగిన నడుముల ఫొటోలు ఢిల్లీ దాకా చేరాయి. వాటివల్ల నీళ్లు వచ్చాయంటే నేను కాదనను, నీళ్ల కోసం జరిగిన ఆ పోరాటానికి దండం పెడతాను. కానీ చిన్నప్పటి నుంచి ‘అయ్యో పాపం’ వింటూ పెరిగిన మనిషికి ఇంకొక ‘అయ్యో పాపం’ అందించడానికి నేను జీతం తీసుకుంటున్నానా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాటల సంగతి కొంచెం చూద్దాం, ఎక్కువసేపు కాదు. జాలి, సానుభూతి మనకు ఎప్పటి నుంచో ఉన్న మాటలు. ఎదుటి మనిషి బాధను ఆ మనిషి వైపు నుంచి అర్థం చేసుకోవడాన్ని ఇంగ్లిష్‌లో ఎంపతీ అంటారు, మనవాళ్లు దానికి సహానుభూతి అని పెట్టుకున్నారు. ఆ ఇంగ్లిష్ మాట కూడా పాతదేం కాదు. జర్మనీలో కళల గురించి రాసేవాళ్లు, ఒక శిల్పాన్ని చూస్తున్నప్పుడు మనం అందులోకి వెళ్లి అనుభవించడాన్ని ‘ఐన్‌ఫ్యూలుంగ్’ అన్నారు. 1909లో టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దానికి ఇంగ్లిష్‌లో ‘ఎంపతీ’ అని పేరు పెట్టాడు. బొమ్మల నుంచి మనుషుల దాకా, మనుషుల నుంచి వైద్యం దాకా వచ్చిన మాట అది. నాకు ఇందులో ఒకటే ముఖ్యం. శిల్పం మనకు ఎదురు చెప్పదు. దాని ముందు నిలబడి మనం ఏమనుకున్నా చెల్లుతుంది. మనిషి దగ్గర అట్లా చెల్లదు, చెల్లకూడదు.

ఇక మన ఊళ్ల పద్ధతి. చావు జరిగిన ఇంటికి పలకరించడానికి పోతాం కదా. మా నాయన పోయిన రోజు మా ఇంటి వెనక ఉండే పెద్దమ్మ వచ్చింది. వాకిట్లో అడుగు పెడుతూనే రాగం ఎత్తుకుంది. మా అమ్మ మెడ పట్టుకొని ‘ఓ చెల్లా, నిన్ను ఒంటిదాన్ని జేసి పాయెనా’ అని శోకం పెట్టింది. అట్లా ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో తన కొడుకు పేరు ఎత్తింది. ఆ కొడుకు పోయి అప్పటికి చాలా ఏళ్లు. మా నాయన పక్కకు జరిగాడు, ఆ పిల్లగాడు మధ్యలోకి వచ్చాడు. మా అమ్మ తన ఏడుపు ఆపి పెద్దమ్మ వీపు నిమిరింది. నాకు ఆ చెయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది.

అది తప్పు అంటున్నానా? ఎన్నటికీ అనను. ఊరిలో దుఃఖం చేబదులు లెక్క తిరుగుతుంది. ఇవాళ నువ్వు నాకోసం ఏడ్చావు, రేపు నీకోసం నేను ఏడుస్తాను. ఆ పలకరింపులు లేకపోతే మా అమ్మ బతికి బట్టకట్టేది కాదు. కానీ కౌన్సెలింగ్ గదిలో చేబదులు ఉండదు. నా ముందు కూర్చున్న మనిషి తన ఏడుపు ఆపి నా వీపు నిమిరే పరిస్థితి వస్తే, నేను ఆమె గంటను దోచుకున్నట్టే. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, ‘మేడం, క్లయింట్‌తో పాటు నాకూ ఏడుపొస్తే అది ఎంపతీ కాదా?’ అని. కళ్లలో నీళ్లు రావడం తప్పు కాదు. ఆ నీళ్లు ఎవరి కోసం వస్తున్నాయో చూసుకోండి. పెద్దమ్మ కొడుకు పేరు మీ నోట వస్తున్నదేమో చూసుకోండి.

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో రాసిన ఒక వ్యాసం మా రంగంలో అందరూ చదివేది. మనిషి మారడానికి థెరపిస్టు దగ్గర ఏమేం ఉండాలో అందులో చెప్పాడు. ఎదుటి మనిషి లోపలి లోకాన్ని మనదే అయినట్టుగా పట్టుకోవాలి, కానీ ఆ ‘అయినట్టుగా’ అనే ఎరుకను ఏనాడూ పోగొట్టుకోవద్దు అంటాడు. ఆ ‘అయినట్టుగా’ జారిపోతే పెద్దమ్మ శోకం అవుతుంది. సరే, ఇది అందరూ చెప్పేదే. రోజర్స్ చెప్పిన ఇంకొక మాట దీనికన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది, దాన్ని అంతగా ఎవరూ చెప్పరు.

ఆయన పేరు మీద ఒక పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. క్లయింట్ ‘నాకు బాధగా ఉంది’ అంటే, థెరపిస్టు ‘మీకు బాధగా ఉందన్నమాట’ అనాలి. అద్దంలో చూపించినట్టు అన్నారు దాన్ని. చిలక పలుకులని చాలామంది ఎగతాళి చేశారు. 1986లో, అంటే చనిపోవడానికి ఒక ఏడాది ముందు, రోజర్స్ దాని గురించి రాశాడు. తాను అద్దం పట్టడం లేదని, తనకు అర్థమైంది సరిగ్గా ఉందా లేదా అని క్లయింట్‌ను అడిగి చూసుకుంటున్నానని, అందుకే దాన్ని ‘అర్థమైనదాన్ని పరీక్షించుకోవడం’ అంటే బాగుంటుందని చెప్పాడు. ఈ తేడా చిన్నది కాదు. అద్దం తప్పు చూపించదు. పరీక్షించుకునేవాడు తప్పు అయ్యే అవకాశాన్ని ముందే ఒప్పుకొని నోరు తెరుస్తాడు.

గాడ్‌ఫ్రే బారెట్-లెనార్డ్ అనే ఇంకొకాయన 1981లో దీన్ని మూడు అంచెలుగా చెప్పాడు. నా లోపల ఏదో కదులుతుంది. దాన్ని నేను మాటలో పెడతాను. ఆ మాట ఎదుటి మనిషికి చేరుతుంది. మూడోది జరగకపోతే మొదటి రెండూ నా సొంత వ్యవహారమే. 2018లో రాబర్ట్ ఎలియట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వేర్వేరు అధ్యయనాల్లోని 80కి పైగా బృందాల నుంచి 6 వేల మందికి పైగా క్లయింట్ల వివరాలు కలిపి చూశారు. థెరపిస్టు సహానుభూతి ఎక్కువగా ఉన్నచోట ఫలితం కూడా బాగున్నట్టు తేలింది. ఆ సహానుభూతిని కొలిచింది ఎవరు అన్నది కూడా చూశారు. ‘నేను బాగా అర్థం చేసుకున్నాను’ అని థెరపిస్టు తనకు తాను వేసుకున్న మార్కుల కన్నా, ‘ఈమె నన్ను అర్థం చేసుకుంది’ అని క్లయింట్ చెప్పిన మాటే ఫలితానికి దగ్గరగా ఉంది. ఆ మూడు వారాలకు నాకు నేను మార్కులు వేసుకుంటే నూటికి తొంభై వేసుకునేదాన్ని.

ఇప్పుడు మన దగ్గర ఉన్న అసలు చిక్కుకు వస్తాను. రోజర్స్ ముందు కూర్చున్న అమెరికా మనిషి ‘నో, అట్లా కాదు’ అనగలడు. మన దగ్గర ఎవరంటారు? నల్లగొండలో, పాలమూరులో, ఒక తండా నుంచో, వాడ నుంచో వచ్చిన మనిషి టేబుల్ వెనక కూర్చున్న చదువుకున్న మనిషిని పట్టుకొని ‘మీరు తప్పు’ అంటాడా? తాతల కాలం నుంచి దొర ముందు, పట్వారీ ముందు, ఆఫీసర్ ముందు ‘ఔ’ అనే మాటతోనే బతుకు కాపాడుకున్నారు. ‘ఔ మేడం’ అంటే నేను ఒప్పుకుంటున్నాను అని కాదు. అది కేవలం మర్యాద. ఒక్కోసారి భయం. ఒక్కోసారి ‘తొందరగా ఒడగొట్టు, నాకు మూడు గంటలకు బస్సు ఉంది’ అని కూడా.

జెరెమీ సఫ్రాన్ అనే ఆయన థెరపీలో సంబంధం తెగిపోవడాన్ని రెండు రకాలుగా చూశాడు. ఒకటి ఎదురు తిరగడం. రెండోది లోపలికి ముడుచుకోవడం, అంటే పైకి అన్నిటికీ తలూపుతూ లోపల మెల్లగా వెళ్లిపోవడం. మన దగ్గర పదిలో తొమ్మిది ఈ రెండోదే అని నా అనుభవం. ఎదురు తిరిగిన క్లయింట్‌ను చూసి భయపడకండి. తలూపే క్లయింట్‌ను చూసి జాగ్రత్త పడండి.

మరి ఎట్లా అడగాలి? ‘నేను చెప్పింది కరెక్టేనా?’ అని అడిగితే ‘ఔ’ తప్ప ఇంకేం రాదు. నేను ఆ ప్రశ్న మానేశాను. ‘నాకు అర్థమైంది’ అనడం కూడా దాదాపు మానేశాను, ఆ మాట అన్నాక ఎదుటివాళ్లు చెప్పడం ఆపేస్తారు. ఇప్పుడు నేను ‘నేను చెప్పినదాంట్లో ఏది తక్కువైంది?’ అని అడుగుతాను. తక్కువైంది ఏదో ఉందని నేనే ఒప్పుకున్నాను కాబట్టి, చెప్పడం తప్పు పట్టినట్టు కాదు, సాయం చేసినట్టు అవుతుంది. మన జనానికి సాయం చేయడం వచ్చు. ఒక్కోసారి వాక్యాన్ని సగంలో వదిలేస్తాను. ‘అంటే, మీ తమ్ముడు అడగకుండా పెట్టినప్పుడు మీకు...’ అని ఆగుతాను. వాళ్లు నింపుతారు. మొదటిరోజే ఒక మాట చెప్పి పెడతాను: ‘చూడండి, నేను టౌన్‌లో ఉండే మనిషిని. మీ ఇంటి సంగతి నాకు తెల్వదు. నేను ఎక్కడో ఒకచోట తప్పు అంటాను. అన్నప్పుడు కాదు మేడం అని చెప్పాలి, అట్లయితేనే మన పని నడుస్తది.’ ఆ రోజు నవ్వుతారు. మూడో నాలుగో వారానికి ఎప్పుడో ఒకసారి మెల్లగా ‘కాదు మేడం’ వస్తుంది. నా పని అప్పుడు మొదలైందని అనుకుంటాను.

పాలమూరు వలస సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కోస్గి, మద్దూరు, నారాయణపేట దిక్కు నుంచి తరాలుగా బొంబాయి, పుణె పోతున్నారు. మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకొని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలిపెట్టి పోతారు. అట్లా ఇరవై ఏళ్లు తట్ట మోసి వచ్చిన ఒకతను, ‘పానం బాగలేదు’ అని ఆస్పత్రులన్నీ తిరిగాడు. ఈసీజీ బాగుంది, రక్తం బాగుంది, ఎక్స్‌రే బాగుంది. చివరికి నా దగ్గరికి పంపారు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని నేల చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు ‘ఆడ ఉంటె ఊరు యాదికొస్తది. ఈడికొస్తె మనసున పడ్తలేదు’ అన్నాడు.

‘రెండు చోట్లా పరాయివాడిలా అనిపిస్తుందేమో’ అన్నాను. ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కొత్తలో అయితే నేను ఆ నిశ్శబ్దానికి భయపడి ఇంకో ప్రశ్న వేసేదాన్ని. ఈసారి ఆగాను. అప్పుడన్నాడు:

‘పరాయోని లెక్క కాదు మేడం. సుట్టపోని లెక్క. మా ఇంటామె నాకు పీట ఏసి, కంచం కడిగి, ముందుగాల నాకే పెడ్తది. పిల్లలు నేను తిన్నంక తింటరు. సుట్టం ఇంటికొచ్చినట్టు జేస్తరు. ఎప్పుడు పోతవ్ అని ఎవ్వరు అడగరు గని, అందరు గదే చూస్తరు.’

నేను అన్న ‘పరాయి’ తప్పు మాటేం కాదు. ఏ పరీక్షలోనైనా దానికి మార్కులు వస్తాయి. కానీ అతని ఇల్లు అందులో లేదు. ‘సుట్టపోడు’ అనే మాటలో పీట ఉంది, కంచం ఉంది, ఆ పిల్లలు ఉన్నారు. ఆ తర్వాత మేము ఆ మాటతోనే పని చేశాం. ‘ఈ వారం ఇంట్లో ఎన్నిసార్లు సుట్టపోడైనవ్?’ అని అడిగేదాన్ని. లెక్కపెట్టి చెప్పేవాడు. ఒక వారం వచ్చి, పిల్లల పక్కన నేల మీద కూర్చొని తిన్నానని చెప్పాడు.

అందుకే మీకు చెబుతున్నాను, వాళ్ల మాటను మార్చకండి. మన దగ్గర ఎంత మంచి మాటలున్నాయి! రంది, బుగులు, గోస, తల్లడం, ఆగమాగం. రందిని డిప్రెషన్ అని రాసుకోవడం డాక్టరు కాగితానికి అవసరం కావచ్చు, మందు ఇవ్వాలంటే ఆ పేరు కావాలి. కానీ రందికి ఒక మనిషి ఉంటారు. ‘కొడుకు మీద రంది పెట్టుకున్నది’ అంటాం. డిప్రెషన్ అనగానే ఆ కొడుకు మాయమైపోతాడు. ఆమె ‘బుగులైతుంది’ అంటే మీరు ‘మీకు యాంగ్జైటీ ఉంది’ అనకండి. ‘బుగులు ఎప్పుడు మొదలైతది? పొద్దు గూకినంకనా?’ అని అడగండి.

అసలు భాషే వేరైనచోట ఇంకా కష్టం. ఒక లంబాడా తల్లికి ఎనిమిదో తరగతి చదివే కొడుకు తర్జుమా చేశాడు. ఆమె రెండు నిమిషాల పాటు ఏడుస్తూ ఏదో చెప్పింది. పిల్లగాడు నేల చూస్తూ ‘ఏం లేదంటుంది మేడం’ అన్నాడు. ఆ రోజు నుంచి పిల్లలతో తర్జుమా చేయించడం ఆపేశాను. ఆ భాష వచ్చిన ఆడమనిషిని, అదీ ఆ తండా మనిషి కాకుండా, వెతికి పెట్టుకోవాలి. సొంత తండా మనిషి అయితే ఆమె ఇంకేం చెప్పదు.

కల్లు, మందు అలవాటైన వాళ్ల దగ్గర సహానుభూతి ఎందుకు, గట్టిగా చెప్పాలి కదా అని చాలామంది అనుకుంటారు. 1980లో విలియం మిల్లర్, ఆయన సహచరులు న్యూ మెక్సికోలో ఒక అధ్యయనం చేశారు. తొమ్మిది మంది థెరపిస్టులు, అందరికీ ఒకే శిక్షణ. ఆరు నెలల తర్వాత చూస్తే ఎవరి క్లయింట్లు తాగుడు ఎంత తగ్గించారన్నది, ఆ థెరపిస్టు ఎంత సహానుభూతితో విన్నాడన్నదానితో గట్టిగా ముడిపడి ఉంది. మిల్లర్ తర్వాత ఇంకొకటి గమనించాడు. తప్పు కనిపించగానే దిద్దాలనే తొందర మనకు పుడుతుంది. మనం దిద్దినకొద్దీ అవతలి మనిషి తన తాగుడు తరఫున వాదిస్తాడు.

మహబూబ్‌నగర్ దిక్కు కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్లను మీలో చాలామంది చూసి ఉంటారు. అందులో డైజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఏదేదో మాట్లాడతారు, ఫిట్స్ కూడా వస్తాయి. అది పిచ్చి కాదు, దయ్యం కాదు. వెంటనే ఆస్పత్రికి పంపాలి, ఇంట్లో కట్టేయకూడదు. ఆ దశ దాటి వచ్చిన ఒకతనితో, ‘బిడ్డ ముందట చేతులు వణకడం మీకు నచ్చడం లేదు’ అన్నాను. ‘నచ్చకపోవుడు కాదు, సిగ్గు’ అన్నాడు. తల పైకెత్తి అన్నాడు. నేను దిద్దాల్సింది ఇంకేముంది?

వరుసలు పెట్టి పిలవడం గురించి ఒక ఆశా అక్క పొద్దున అడిగారు. అక్కా, అన్నా అని పిలిస్తే దగ్గరవుతారు కదా అని. అవుతారు. నేనూ పిలుస్తాను. కానీ వరుస వస్తే దానితో పాటు బాధ్యత కూడా వస్తుంది. నన్ను అక్కా అన్న పిల్లగాడు, పెళ్లయిన మనిషి మీద తన మనసు పోయిన సంగతి అక్కకు ఎట్లా చెబుతాడు? మేడం అయితే చెబుతాడు. ఒక్కోసారి ఆ దూరమే తలుపు తీస్తుంది. వాళ్లు ఏ పిలుపు ఎంచుకుంటారో ముందు వినండి, తర్వాత మీరు పిలవండి.

చావు మాట వస్తే మాత్రం పక్కకు తప్పుకోకండి. ‘అట్లాంటి ఆలోచనలేం లేవు కదా?’ అని అడిగితే, లేవు అని చెప్పమని మనమే అందించినట్టు. ‘ఇంత రంది ఉన్నప్పుడు కొందరికి చచ్చిపోవాలని అనిపిస్తది. మీకు అనిపించిందా?’ అని ఉన్నదున్నట్టు అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అనిపించింది అంటే ఒంటరిగా పంపకండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆస్పత్రికి తీసుకుపోండి. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్, దాని నంబర్ 14416, పైసా ఖర్చు లేదు, ఏ సమయంలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మీ రిజిస్టర్ మొదటి పేజీ మీద ఇప్పుడే రాసుకోండి. రాశారా? రాయండి, నేను ఆగుతాను.

ఆ కుట్టు మిషన్ అక్క నాలుగో వారం వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. నేను ముందే చెప్పాను: ‘మూడు వారాలు మీ నడుము గురించే మాట్లాడిన. మీరు ఎందుకొచ్చిండ్రో అడగలే. తప్పు నాదే.’ ‘మీ తప్పేముంది మేడం’ అంది. ‘ఇది మర్యాదకు అంటున్రా?’ అని అడిగాను. ఆమె నవ్వింది. అప్పటి దాకా ఆమె నవ్వడం నేను చూడలేదు.

తమ్మునితో ఎట్లా మాట్లాడాలో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. మధ్యలో ‘ఏడ పెట్టినా కుడ్త మేడం, గని నన్నడిగి పెట్టాలె’ అంది. నాకు అంతా దొరికినట్టు అనిపించింది. ‘అంటే మీకు మిషన్ ముఖ్యం కాదు, మిమ్మల్ని అడగడం ముఖ్యం’ అన్నాను.

‘మిషన్ గూడ ముఖ్యమే మేడం’ అంది. ‘ఎందుకు కాదు? దాని మీదనే కదా నేను బతికేది.’

సరే, ఇప్పుడు పని చేద్దాం. ఇద్దరిద్దరుగా కుర్చీలు తిప్పుకోండి. ఆశా అక్కలు సైకాలజీ పిల్లలతో కూర్చోండి, తెలిసినవాళ్లతో వద్దు. ఒకరు ఈ నెలలో మనసును కొంచెం గుచ్చిన ఒక చిన్న సంగతి చెప్పాలి. పెద్ద దుఃఖాలు వద్దు, చిన్నవే చెప్పండి. వినేవాళ్లు తమకు ఏం అర్థమైందో రెండు మూడు మాటల్లో చెప్పి, ఏది తక్కువైందో అడగాలి. చెప్పేవాళ్లకు ఒకే ఒక షరతు. కనీసం ఒక్కసారి ‘కాదు’ అనాలి. ఎదుటివాళ్లు వయసులో పెద్దవాళ్లైనా సరే, చదువులో పెద్దవాళ్లైనా సరే, అనాలి. పది నిమిషాల తర్వాత మారండి. ఫ్యాన్ కింద ఉన్నవాళ్లు కొంచెం గట్టిగా మాట్లాడండి. మొదలుపెట్టండి.